పాత టైమ్ ట్రయల్ సైకిల్ కట్టుకోవడం ఎలా: ముందు ఒంటి కొలత, తర్వాతే ఫ్రేము

వెనకదానికంటే చిన్నదైన ముందు చక్రం, ముందుకు వాలిన పై గొట్టం, ఎద్దు కొమ్ముల్లా పొడుచుకొచ్చిన హ్యాండిల్. 1980ల నాటి లో-ప్రో టైమ్ ట్రయల్ సైకిల్‌ని ఒక్కసారి చూస్తే కన్ను తిప్పుకోవడం కష్టం. (టైమ్ ట్రయల్ అంటే ఒంటరిగా తొక్కుతూ గడియారంతో పోటీపడే పందెం; లో-ప్రో అంటే ముందు భాగం కిందికి దించి కట్టిన సైకిల్.) అందుకే చాలామంది ముందు ఫ్రేము కొనేస్తారు. తీరా అన్నీ బిగించి ఎక్కాక పది నిమిషాలు కూడా వంగి ఉండలేక పక్కన పెట్టేస్తారు. మామూలు రోడ్డు సైకిల్ అయితే హ్యాండిల్‌ని కొంచెం పైకి లాక్కుని సర్దుకోవచ్చు. లో-ప్రోలో ఆ వెసులుబాటు లేదు, ఆ ఫ్రేము కట్టిందే హ్యాండిల్‌ని కిందికి దించడానికి. కాబట్టి ఈ పని టేపుతో మొదలుపెట్టండి, డబ్బుతో కాదు.

ఏ కాలపు సైకిలో తేల్చుకోండి

టైమ్ ట్రయల్ పుట్టిల్లు బ్రిటన్. అక్కడ రోడ్ల మీద గుంపు పందేలు నడిపే వీల్లేని రోజుల్లో, 1895 అక్టోబరులో ఎఫ్.టి. బిడ్లేక్ పూనుకుని నార్త్ రోడ్ క్లబ్ తరఫున 50 మైళ్ల పోటీ పెట్టాడు. రైడర్లు ఒకరి తర్వాత ఒకరు వ్యవధి ఇచ్చుకుంటూ బయల్దేరతారు, ఎవరి గడియారం వాళ్లది. 10, 25, 50, 100 మైళ్లు, 12 గంటలు, 24 గంటలు అనే కొలతలు అక్కడ స్థిరపడ్డాయి. సైకిల్ రూపమూ ఆ పోటీతోనే మారుతూ వచ్చింది.

మీ ముందు మూడు దారులున్నాయి. మొదటిది 1930–50ల నాటిది: రేనాల్డ్స్ 531 (బ్రిటిష్ ఉక్కు రకం) గొట్టాలు, ఫిక్స్‌డ్ వీల్ (చక్రం తిరిగినంతసేపూ పెడళ్లూ తిరిగే రకం), వంపు హ్యాండిల్, ముందు 32 వెనక 40 చువ్వలు. రెండోది 1970ల నాటిది: మామూలు రోడ్డు ఫ్రేమే, కానీ చైన్‌వీల్ దగ్గర్నుంచి బ్రేకు లివర్ల దాకా చిల్లులు పొడిచి బరువు తగ్గించిన సామాను. బ్రిటిష్ రైడర్ ఆల్ఫ్ ఎంగర్స్ 1978లో 25 మైళ్లని 49 నిమిషాల 24 సెకన్లలో పూర్తిచేసింది ఈ తరహా సైకిల్ మీదే. గంటకి దాదాపు 49 కిలోమీటర్లు, అదీ ఏరో బార్లు (మోచేతులు ఆనించి ముందుకు చాచి పట్టుకునే హ్యాండిల్) లేకుండా. మూడోది 1980ల లో-ప్రో. 1984లో ఇటలీ రైడర్ ఫ్రాన్సెస్కో మోజర్ మెక్సికో నగరంలో డిస్కు చక్రాలతో (చువ్వల బదులు పళ్లెంలా మూసేసినవి) గంటలో 51.151 కిలోమీటర్లు తొక్కాక ఈ తరహా ఊపందుకుంది. 1989 టూర్ డి ఫ్రాన్స్ చివరి రోజున అమెరికా రైడర్ గ్రెగ్ లెమాండ్ ఏరో బార్లు పట్టుకుని 8 సెకన్ల తేడాతో టూర్ గెలిచాక ఉత్త కొమ్ముల హ్యాండిల్ కాలం ముగిసింది.

ఒక కాలం ఎంచుకుంటే దానికే కట్టుబడండి. ఇది ముచ్చట కోసం మాత్రమే చెప్పడం లేదు. మరలూ, ఇరుసు వెడల్పులూ, హ్యాండిల్ మందమూ కాలాన్ని బట్టి మారుతూ వచ్చాయి. రెండు కాలాలు కలిపితే ప్రతి కీలు దగ్గరా ఏదో ఒకటి అమరక ఆగిపోతారు. ఇక్కడి నుంచి చెప్పేది ఎక్కువగా లో-ప్రో గురించే. ఫ్రేము తనిఖీ, చక్రాలు, గేర్ల సంగతులు మాత్రం మూడింటికీ పనికొస్తాయి.

ఒంటి కొలత తీసుకోండి

ఇప్పుడు తొక్కుతున్న రోడ్డు సైకిల్‌ని ట్రైనర్ మీద పెట్టి, రెండు ఇరుసులూ ఒకే ఎత్తులో ఉండేలా ముందు చక్రం కింద చెక్క పెట్టండి. సీటు ఎత్తు మీకు అలవాటైనదే ఉంచండి. సీటుని 2 సెంటీమీటర్లు ముందుకు జరిపి, దాంతోపాటు అర సెంటీమీటరు పైకి లేపండి. ముందుకు జరిగినకొద్దీ సీటు పెడల్‌కి దగ్గరవుతుంది, ఆ లోటు పూడ్చడానికే ఈ లేపడం. సీటు ముక్కు నుంచి తూకం దారం వదిలితే అది క్రాంకు ఇరుసుకి 2–4 సెంటీమీటర్లు వెనక పడాలి. మొదలుపెట్టడానికి ఈ లెక్క చాలు.

ఇప్పుడు హ్యాండిల్‌ని సీటు కన్నా 8 సెంటీమీటర్లు కిందికి దించి, మోచేతులు మడిచి, పోటీలో తొక్కినంత గట్టిగా 20 నిమిషాలు తొక్కండి. మోకాలు పైకొచ్చినప్పుడు తొడ పక్కటెముకలకి తగిలి ఊపిరి తెగుతోందా? తల ఎత్తి 50 మీటర్ల ముందుకు చూడలేకపోతున్నారా? ఏ ఒక్కటి అవునన్నా ఒక సెంటీమీటరు లేపి మళ్లీ చూడండి. రెండూ లేకపోతే ఇంకో సెంటీమీటరు దించండి. వరసగా మూడు రోజులు నిలిచిన కొలతే మీ కొలత. ఒక్క రోజు ఉత్సాహంలో వచ్చిన అంకెని నమ్మవద్దు.

సైకిల్‌ని ట్రైనర్ మీంచి దించి, చెక్క తీసేసి, నేల నుంచి అరచేయి ఆనే చోటుకి ఎంత ఎత్తుందో రాసుకోండి. ఫ్రేము అమ్మే మనిషిని అడగాల్సింది మూడే: చక్రాలు వేసి నిలబెట్టినప్పుడు నేల నుంచి హెడ్ గొట్టం (ఫోర్కు దూరే ముందు గొట్టం) పైకొనకి ఎంత, పై గొట్టం పొడవెంత, క్రాంకు ఇరుసు నుంచి సీటు లగ్గుకి (సీటు గొట్టం పైకొనన గొట్టాలు కలిపే జాయింటు) ఎంత. హెడ్ గొట్టం ఎత్తుకి పైనుండే బేరింగు కప్పూ నట్టూ కలిపి 3 సెంటీమీటర్లు, క్విల్ స్టెమ్ (ఫోర్కు గొట్టంలోకి దింపి బిగించే, హ్యాండిల్‌ని పట్టే ముక్క) బయటికి లేవగల 2–5 సెంటీమీటర్లు చేర్చండి. మీ కొలత ఆ హద్దులో పడితేనే కొనండి. కొమ్ముల హ్యాండిళ్లలో కొన్ని నేరుగా ముందుకు పోతాయి, కొన్ని కిందికి దిగి ముందుకు పోతాయి. ఆ దిగుడుని లెక్కలో కలపడం మరిచిపోతే శ్రమంతా వృథా.

చిన్న చక్రం చిక్కులు

700సీ (మామూలు రోడ్డు కొలత) ట్యూబులర్‌తో (రిమ్ముకి జిగురుతో అంటించే టైరు) పోలిస్తే 26 అంగుళాల (571 మి.మీ. రిమ్ము) చక్రం ముందు ఇరుసుని దాదాపు 2.5 సెంటీమీటర్లు, 24 అంగుళాల చక్రం దాదాపు 5.5 సెంటీమీటర్లు కిందికి దించుతుంది. ఫ్రేము, ఫోర్కు ఆ తేడాని ముందే లెక్కలో పెట్టుకుని కట్టినవి. అందుకే మామూలు రోడ్డు ఫ్రేములో చిన్న చక్రం తగిలించి లో-ప్రో చేద్దామనుకోవద్దు. 26 అంగుళాల చక్రం వేస్తే హెడ్ కోణం దాదాపు ఒకటిన్నర డిగ్రీలు నిటారవుతుంది, హ్యాండిల్ చేతిలో నిలవదు. క్రాంకు ఇరుసు సెంటీమీటరుకు పైగా కిందికి జారి మలుపులో పెడల్ నేలకి తగులుతుంది.

ఇంకో మాట. 24 అంగుళాలు అని రాసి ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటి కాదు, 507 రిమ్మూ 520 రిమ్మూ రెంటినీ 24 అనే పిలుస్తారు. ముందు టైరు దొరుకుతుందో లేదో చూసి, చేతికి వచ్చాకే ఫ్రేముకి మాట ఇవ్వండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి మా సలహా 26 అంగుళాలదే.

పోటీ నియమాలు కూడా ముందే చదవండి. యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య) నియమాల కింద జరిగే రోడ్డు పోటీల్లో రెండు చక్రాలూ ఒకే కొలతలో ఉండాలి, అక్కడ లో-ప్రోకి చోటు లేదు.

ఫ్రేము తనిఖీ

కళ్లకన్నా ముందు వేలు వాడండి. హెడ్ లగ్గుకి 2–5 సెంటీమీటర్ల వెనక, కింది గొట్టం అడుగున వేలికొనతో మెల్లగా నిమరండి. గుద్దుకున్న ఫ్రేము అయితే అక్కడ బియ్యపుగింజంత ఎత్తున అడ్డంగా ఒక మడత తగులుతుంది. రంగు కప్పేసినా వేలికి తెలుస్తుంది. పై గొట్టం అడుగున కూడా అలాగే చూడండి. మడత ఉంటే ఎంత అందమైన ఫ్రేమైనా వదిలేయండి.

తర్వాత దారం పరీక్ష. సన్నని దారాన్ని ఒక డ్రాపౌట్‌కి (వెనక ఇరుసు కూర్చునే గాడి) కట్టి, హెడ్ గొట్టం చుట్టూ తిప్పి, రెండో డ్రాపౌట్‌కి బిగువుగా కట్టండి. దారానికీ సీటు గొట్టానికీ మధ్య ఖాళీని రెండు వైపులా కొలవండి. తేడా 1 మి.మీ. దాటితే వెనక భాగం పక్కకి పోయిందని అర్థం.

డ్రాపౌట్ల మధ్య వెడల్పు ట్రాక్ ఫ్రేములకీ 5 గేర్ల వాటికీ 120 మి.మీ., 6–7 గేర్లకి 126, ఆ తర్వాతి వాటికి 130. 531, కొలంబస్ ఎస్ఎల్ (ఇటలీ ఉక్కు రకం) గొట్టాలని పనితెలిసినవాళ్లు 126 నుంచి 130కి వంచి తెరవగలరు. రేనాల్డ్స్ 753 మాత్రం వేడి చికిత్స చేసిన సన్నని గొట్టం, దాన్ని వంచే ప్రయత్నం చేయవద్దు. దానికి తగిన 126 చక్రాన్నే వెతకండి.

సీటు పోస్టు తీసి లోపలికి టార్చి వేయండి. 531 డబుల్ బటెడ్ (కొనల్లో మందంగా, మధ్యలో సన్నగా ఉండేవి), ఎస్ఎల్ గొట్టాల్లో చాలావాటికి 27.2 మి.మీ. పోస్టు పడుతుంది. బాగా సన్నని పోస్టు ఉందంటే అది వేరే గొట్టమైనా కావాలి, సీటు లగ్గు నొక్కుకుపోయి అయినా ఉండాలి. పోస్టు కదలకపోతే కంగారుపడి పైపు పానా పట్టవద్దు. అల్యూమినియం ఉక్కుతో కలిసి తుప్పుపట్టి అతుక్కుంది. ఫ్రేముని తిరగేసి, అడుగునుంచి చొచ్చుకుపోయే నూనె పోసి, రోజుకోసారి పోస్తూ వారం ఓపిక పట్టండి.

క్రాంకు ఇరుసు, మరలు

ఇంగ్లిష్ మర 1.37 అంగుళాలు, అంగుళానికి 24 చుట్లు. చైను వైపు కప్పు ఎడమ మర, అంటే గడియారానికి ఎదురుగా తిప్పితే బిగుస్తుంది. ఇటాలియన్ మర 36 మి.మీ., 24 చుట్లు, రెండు వైపులా కుడి మరే. అందుకే ఇటాలియన్ ఫ్రేముల్లో చైను వైపు కప్పు తొక్కుతుంటే దానంతటదే వదులవుతుంది. మర జిగురు రాసి గట్టిగా బిగించండి. ఫ్రెంచ్ ఫ్రేమైతే 35 మి.మీ., దానికి విడిగా సామాను చూసుకోవాలి. ఒక మర కప్పుని ఇంకో మరలోకి బలవంతంగా తిప్పితే గూడు శాశ్వతంగా పాడవుతుంది. మొదటి మూడు చుట్లు వేళ్లతోనే పడాలి.

విడి గోళీలైతే ఒక్కో వైపు పావు అంగుళంవి 11. పాతవి నాలుగు బాగున్నాయి కదా అని కలపవద్దు, అన్నీ ఒకేసారి మార్చండి. చదరపు ఇరుసు వాలు రెండు రకాలు: ఐఎస్ఓ, జేఐఎస్. ఐఎస్ఓ క్రాంకుని జేఐఎస్ ఇరుసు మీద ఎక్కిస్తే అది నాలుగైదు మి.మీ. బయటే ఆగిపోతుంది, చైను గీత (ముందు వెనక పళ్ల చక్రాలు ఒకే వరసలో ఉండటం) తప్పుతుంది. క్రాంకు వదులుగా ఉండగా ఒక్క మైలు తొక్కినా చదరపు రంధ్రం గుండ్రంగా అరిగిపోతుంది, ఇక ఎంత బిగించినా నిలవదు.

హ్యాండిల్, స్టెమ్, బ్రేకు

పాత అల్యూమినియం హ్యాండిల్ ముందుగా చెప్పి విరగదు. స్టెమ్ నుంచి విప్పి, బిగుసుకుని ఉన్న మధ్య భాగానికి అటూ ఇటూ, అంటే మందం మారే చోట, భూతద్దంతో చూడండి. వెంట్రుకంత నల్ల గీత కనిపిస్తే అది గీత కాదు, పగులు. స్టెమ్‌లో లోపలి బోల్టు లాగే చీలిక పైకొన దగ్గర కూడా ఇలాగే చూడాలి. ఏ చేతుల్లో నలిగిందో తెలియని పాత హ్యాండిల్‌ని గోడకి తగిలించి, అదే ఆకారంలో కొత్తది వేసుకోవడం మేలు. మీ బరువంతా ఆ కొమ్ముల మీదే మోపి తొక్కుతారు మరి.

మధ్య మందం 25.4, 26.0, 26.4 అని మూడు కొలతలున్నాయి. పాత చినెల్లీ సామాను చాలావరకు 26.4. వెర్నియర్‌తో కొలవకుండా కొనవద్దు. 26.4 స్టెమ్‌లో 26.0 హ్యాండిల్ పెట్టి బోల్టు లాగేస్తే మూతి పగులుతుంది, లేదా గుంటలో పడ్డప్పుడు హ్యాండిల్ తిరిగిపోతుంది. క్విల్‌కి గ్రీజు పూసి, కనీస లోతు గీత దాటేలా దింపండి.

చిల్లుల సామాను మీద మోజుంటే ఒక హద్దు పెట్టుకోండి: స్టెమ్, హ్యాండిల్, సీటు పోస్టు, క్రాంకు, పెడల్ ఇరుసు జోలికి వెళ్లవద్దు. చైన్‌వీల్‌లో వేస్తే చిల్లు అంచుని గుండ్రంగా నునుపు చేయండి. పదునైన అంచు దగ్గరే పగులు మొదలవుతుంది.

ఫిక్స్‌డ్ వీల్ అయినా ముందు బ్రేకు తప్పనిసరి. చిన్న చక్రానికి బ్రేకు రబ్బరు రిమ్ము మీదే పడుతోందో లేదో మి.మీ. లెక్కన చూడండి. అంచు దాటి పైకి తగిలితే ట్యూబులర్ పక్కగోడ కోసుకుపోతుంది.

చక్రాలు, ట్యూబులర్ అంటించడం

తొందరపడితే ప్రాణం మీదికొచ్చే పని ఇదే. పాత యజమాని అంటించిన టైరు మీద ఎప్పుడూ పోటీకి వెళ్లకండి. అంచు పట్టుకుని ఎత్తితే పాత జిగురు పసుపు పొడిగా చిటపటమంటూ రాలుతుంది, అంటే పట్టు లేదని.

టైరుని ముందు జిగురు లేకుండా రిమ్ముకి ఎక్కించి, గాలి నింపి, ఒక రోజు సాగనివ్వండి. ఆలోపు రెండో చక్రం రిమ్ముని అసిటోన్‌తో శుభ్రం చేయండి. కొత్త రిమ్ము నున్నగా ఉంటే గరుకు కాగితంతో తేలిగ్గా రుద్దండి. ఆ తర్వాత వరస ఇది:

1. రిమ్ము మీద పలుచని జిగురు పూత, అంచుల దాకా. టైరు అడుగు గుడ్డ మీద కూడా ఒక పూత. 24 గంటలు వదిలేయండి.
2. రెండింటికీ రెండో పూత. మళ్లీ రాత్రంతా.
3. రిమ్ముకి మూడో పూత. వేలితో తాకితే అంటుకుని దారంలా సాగకుండా విడిపోయే దాకా, సుమారు 15 నిమిషాలు ఆగండి.
4. చక్రాన్ని నిలబెట్టి, వాల్వు చిల్లు పైకి ఉంచి, వాల్వు దించండి. టైరులో ఆకారం నిలబడేంత గాలి మాత్రమే ఉండాలి. రెండు చేతులతో ఇరువైపులా కిందికి గట్టిగా లాగుతూ పోండి. చివరి జానెడు మిగిలినప్పుడు చక్రాన్ని పొట్టకి ఆనించి బొటనవేళ్లతో ఎక్కించండి. మొదట్లో లాగడం తక్కువైతే ఈ చివరి జానెడే ఎక్కదు.
5. 2–3 బార్ గాలి పెట్టి చక్రం తిప్పండి. అడుగు గుడ్డ రెండు వైపులా సమానంగా కనిపించాలి. టైరు పాములా మెలికలు తిరుగుతుంటే అక్కడ ఎత్తి సరిచేయండి.
6. 7–8 బార్ పెట్టి 24 గంటలు ఆగండి.

మర్నాడు గాలి తీసేసి, బొటనవేళ్లతో టైరుని పక్కకి దొర్లించండి. ఎక్కడైనా అంచు లేచి వెలుతురు కనిపిస్తే పీకి మళ్లీ మొదలు. వాల్వు పక్కన అంగుళం మేర పట్టు తక్కువగా ఉండటం మామూలే, అయినా వదిలేయవద్దు.

చువ్వల సంగతి: ముందు చక్రానికి 28 చువ్వల రేడియల్ (చువ్వలు ఒకదాన్నొకటి దాటకుండా నేరుగా) అందంగానే ఉంటుంది, కానీ అంతకుముందు మూడు దాట్లు (ఒక్కో చువ్వ మూడింటిని దాటేలా) అల్లిన పాత హబ్బుని రేడియల్‌గా అల్లకండి. ఫ్లాంజిలో (చువ్వలు దూరే హబ్బు అంచులో) పాత చువ్వలు చేసిన గాట్లు ఇంకో దిక్కుకి ఉంటాయి, అక్కడినుంచి అంచు చిరుగుతుంది. క్విక్ రిలీజ్ హబ్బులో కోను బిగించేటప్పుడు, లివరు తెరిచి ఉండగా పిసరంత ఆట ఉంచండి. లివరు మూయగానే ఇరుసు కొద్దిగా నొక్కుకుని ఆ ఆట పోవాలి. తెరిచినప్పుడే ఆట లేకపోతే, మూశాక బేరింగు నలుగుతుంది.

పాత డిస్కు చక్రం దొరికితే నాణెంతో చుట్టూ తట్టండి. ఖంగుమనే చప్పుడు మధ్యలో ఎక్కడైనా మొద్దుగా మారితే పొర విడిపోయింది. డిస్కు వెనక మాత్రమే. ముందు డిస్కుతో రోడ్డెక్కితే పక్కగాలి హ్యాండిల్‌ని లాగేస్తుంది.

గేరు ఎంచుకోవడం

బ్రిటిష్ పద్ధతిలో గేరుని అంగుళాల్లో చెబుతారు: ముందు పళ్లని వెనక పళ్లతో భాగించి, వెనక చక్రం వ్యాసం 27తో గుణించాలి. 48ని 18తో భాగిస్తే 72 అంగుళాలు, పాత మీడియం గేరు పోటీల హద్దు ఇదే. నిమిషానికి 90 సార్లు తొక్కితే 50×16 (84 అంగుళాలు) గంటకి 36 కిలోమీటర్లు ఇస్తుంది, 52×15 (94) 40, 53×14 (102) 44.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. ఎంగర్స్ వేగం చూసి పెద్ద గేరు వేస్తారు. 10 మైళ్లని 25 నిమిషాల్లో తొక్కే మనిషి సగటు వేగం గంటకి 38.6 కిలోమీటర్లే. ఆయనకి 90–94 అంగుళాలు చాలు. ఫ్రీవీల్ (పెడల్ ఆపినా చక్రం తిరిగే పళ్ల గుత్తి) అయితే 13-14-15-16-17-18 వరసది వేయండి, ఒక్కో పన్ను తేడాతో ఉంటేనే లయ చెదరదు.

ఫిక్స్‌డ్ హబ్బులో స్ప్రాకెట్ కుడి మర, దాని మీద లాక్‌రింగు ఎడమ మర. రెండు మరలూ ఉన్న ట్రాక్ హబ్బే వాడండి. ఫ్రీవీల్ హబ్బు మీద జిగురు పోసి స్ప్రాకెట్ బిగిస్తే, వెనక్కి ఒత్తినప్పుడు అది ఊడి వస్తుంది. చైను అన్నిటికన్నా బిగువైన చోట కూడా 1–1.5 సెంటీమీటర్లు పైకి కిందికి ఆడాలి.

తొక్కడం

మొదటి 5 కిలోమీటర్లు బండ్లు తిరగని రోడ్డు మీద మెల్లగా వెళ్లండి. తిరిగొచ్చి స్టెమ్, హ్యాండిల్, సీటు, క్రాంకు బోల్టులు చూడండి. రెండోసారి వెళ్లినప్పుడు ఒక చేత్తో తొక్కడం, వెనక్కి తిరిగి చూడటం, గట్టిగా బ్రేకు పట్టడం చేసి చూడండి. చిన్న చక్రంతో హ్యాండిల్ త్వరగా మళ్లుతుంది, అలవాటుకి వారం పడుతుంది. ఫిక్స్‌డ్ అయితే మలుపులో పెడల్ ఆపలేరని కాళ్లకి తెలియాలి. వంగేముందే వేగం తగ్గించుకోండి.

పోటీ రోజు పొద్దున్నే టైరు అంచుల్ని మళ్లీ వేలితో తడమండి. గాలి 70 కిలోల మనిషికి 8 బార్, గరుకు రోడ్డైతే 7. హెల్మెట్ పెట్టుకోండి, వెనక వెలిగే లైటు బిగించండి. సైకిల్ ఎంత పాతదైనా పక్కన పోయే బండ్లు ఈ కాలపువే. మొదటి మూడు నిమిషాలు కాళ్లు ఇంకా తొక్కమంటున్నా ఆపుకోండి. ఎదురుగాలిలో కొంచెం ఎక్కువ, వెనకగాలిలో కొంచెం తక్కువ బలం పెట్టండి. మోచేతులు నిఠారైతే వెంటనే మడవండి. అలసిపోయినప్పుడు ముందు చెదిరేది అదే, ఛాతీ గాలికి తలుపులా తెరుచుకుంటుంది.

ఇంటికొచ్చాక టైర్లలో గాలి 3–4 బార్‌కి తగ్గించి, చక్రాలు నేల తగలకుండా తగిలించండి. చల్లని, చీకటిగా ఉన్న చోట కాటన్ పక్కగోడలు ఎక్కువకాలం నిలుస్తాయి. నోటుబుక్కులో గేరు, గాలి దిక్కు, టైరు ఒత్తిడి, సమయం రాసి, మెడ ఏ మైలు దగ్గర నొప్పి మొదలైందో కూడా రాయండి. మొదటి సగంలోనే మొదలైతే స్టెమ్ అర సెంటీమీటరు లేపండి.